కణితి కణాల్లో ఆయుష్షు వెతికిన కుషింగ్

మెదడులో గడ్డ ఉందని డాక్టరు చెప్పగానే ఇంటిల్లిపాదీ అడిగేది ఒకటే.. ఎన్నాళ్లు బతుకుతారు? వందేళ్ల కిందట దీనికి వైద్యుల దగ్గర సరైన జవాబే లేదు. ఆ జవాబు కోసం జీవితాంతం శ్రమించిన సర్జన్ హార్వే కుషింగ్.

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1869 ఏప్రిల్ 8న డాక్టర్ల కుటుంబంలో పుట్టారు. పదిమంది సంతానంలో ఆయనే చిన్నవాడు. హార్వర్డ్‌లో వైద్యం చదువుతుండగా తాను మత్తు ఇచ్చిన రోగి చనిపోవడం ఆయన్ని కలచివేసింది. తోటి విద్యార్థితో కలిసి ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నాడి, శ్వాస నమోదు చేసే చార్టు తయారుచేశారు. ప్రతిదీ రాసిపెట్టే ఆ అలవాటు చివరిదాకా పోలేదు.

అప్పట్లో పుర్రె తెరిస్తే రోగి బతకడం గగనమే. రక్తం ఆపేందుకు వెండి క్లిప్పులు, 1926 నుంచి విద్యుత్ పరికరం వాడి మరణాలు బాగా తగ్గించారు. బోస్టన్‌లో 1931 నాటికి రెండు వేల కణితులకు ఆపరేషన్లు పూర్తిచేశారు.

రోగి ఇంటికి వెళ్లాక కూడా వదిలేవారు కాదు. ఏటా ఆపరేషన్ జరిగిన రోజున క్షేమం తెలుపుతూ ఉత్తరం రాయమనేవారు. ఆ వివరాలన్నీ లూయిస్ ఐసెన్‌హార్ట్ అనే డాక్టరమ్మ పుస్తకంలో ఎక్కించేవారు. ఎవరి కణితిలో ఎలాంటి కణాలున్నాయి, వారు ఎన్నాళ్లు బతికారు అన్నది పోల్చిచూసి పెర్సివల్ బెయిలీతో కలిసి 1926లో గ్లయోమా కణితులను రకాలుగా విడదీశారు. కణం రకాన్ని బట్టి ఆయుష్షు మారుతుందని తేల్చారు.

అయినా ఒక చిక్కు మిగిలింది. మైక్రోస్కోపులో ఒకేలా కనిపించే కణితితో ఒకరు నెలల్లో పోతే, మరొకరు ఏళ్లు బతికేవారు. దానికి కారణం జన్యువుల్లో దొరికింది. ఐడీహెచ్1 జన్యువులో మార్పు ఉన్న గ్లయోమా రోగులు ఎక్కువకాలం బతుకుతున్నట్లు 2008 తర్వాత తేలింది. ఎంజీఎంటీ పరీక్షతో కొన్ని రకాల్లో మందు ఎంతవరకు పనిచేస్తుందో అంచనా వేస్తున్నారు.

కుషింగ్ దగ్గర మెళకువలు నేర్చిన పెన్‌ఫీల్డ్ మాంట్రియల్‌లో సంస్థ నెలకొల్పారు. అక్కడ శిక్షణ పొందిన జాకబ్ చాందీ 1949లో వేలూరు సీఎంసీలో దేశంలోనే తొలి న్యూరోసర్జరీ విభాగం ప్రారంభించారు. అలా ఆయన విద్య మన పక్కకే వచ్చింది.

1939 అక్టోబరు 7న కుషింగ్ గుండెజబ్బుతో కన్నుమూశారు. పోస్టుమార్టం చేస్తే ఆయన మెదడులోనూ ఓ చిన్న తిత్తి బయటపడింది. వేల మెదళ్లు చూసిన ఆయనకు తన తలలోది మాత్రం తెలియనేలేదు.