రుడాల్ఫ్ డీజిల్

పొలము దున్ను ట్రాక్టరునకును, సరకులు మోయు లారీకిని పోయు నూనెను మనము డీజిల్ అని పిలుచుచున్నాము. అది ఒక మనుష్యుని పేరని ఎరిగినవారు కొందరే.

రుడాల్ఫ్ డీజిల్ 1858 వ సంవత్సరము మార్చి 18 వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. ఆయన తల్లిదండ్రులు జర్మనులు. తండ్రి తోలు సామానులు చేసి అమ్ముచు కుటుంబమును పోషించుచుండెను. 1870 లో ఫ్రాన్సుకును జర్మనులకును యుద్ధము సంభవింపగా వారు పారిస్ విడిచి లండను చేరిరి. బీదరికము బాధింపగా, పండ్రెండేండ్ల రుడాల్ఫును జర్మనీలోని ఆగ్స్‌బర్గు పట్టణమున నున్న బంధువుల యింటికి పంపిరి. అచట అతడు శ్రద్ధతో చదివి, పిదప మ్యూనిక్ సాంకేతిక కళాశాలలో చేరి, 1880 లో మిక్కిలి గొప్ప మార్కులతో ఉత్తీర్ణుడయ్యెను.

ఆ కాలమున కర్మాగారములను నడపునవి ఆవిరి యంత్రములు. బొగ్గునుండి పుట్టు వేడిలో సుమారు పదింట తొమ్మిది వంతులు వాటిలో వ్యర్థమగుచుండెను. ఈ మాటను గురువైన లిండే పాఠములలో వినినది మొదలు డీజిల్ మనస్సునకు విశ్రాంతి లేకపోయెను.

సైకిలు చక్రమునకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మీరు గమనించియే యుందురు. గాలిని అణచినచో అది వేడెక్కును. మిక్కిలి గట్టిగా అణచిన గాలిలోనికి నూనెను చిమ్మినచో నిప్పురవ్వ లేకయే అది మండును. ఇదియే డీజిల్ ఆలోచన. 1892 లో ఆయన దీనిపై హక్కుపత్రమునకు దరఖాస్తు చేసెను.

ఆలోచన సులభము, ఆచరణ కష్టము. 1893 ఆగస్టు 10 వ తేదీన ఆగ్స్‌బర్గు కర్మాగారమున తొలి పరీక్ష జరిగెను. నూనె అంటుకొనెను గాని, పీడనమును కొలుచు పరికరము పగిలి ముక్కలయ్యెను. యంత్రము నడువలేదు. సందులగుండ గాలి జారిపోవుచుండుటచే ఆశించిన పీడనము నిలువలేదు. డీజిల్ నిరాశ చెందక యంత్రమును విప్పి, లోపములను ఒక్కొక్కటిగా సరిచేసి, మరల బిగించెను. 1894 ఫిబ్రవరి 17 వ తేదీన అది సుమారు ఒక నిమిషము తనంతట తాను తిరిగెను. మరి మూడేండ్ల శ్రమ తరువాత, 1897 లో జరిగిన పరీక్షలో అది వేడియందు నూటికి 26 వంతులను పనిగా మార్చెను. ఆనాటి యే యంత్రమును అంత చేసియుండలేదు.

అయినను ఒక చిక్కు మిగిలెను. అణగియున్న గాలిని ఎదిరించి, కొలతకు తగిన నూనెను సరియైన క్షణమున లోపలికి చిమ్మవలెను. ఆనాటి పంపులకు అది సాధ్యము కాలేదు. అందుచే డీజిల్ ఇంకను గట్టిగా అణచిన గాలితో నూనెను ఊదించెను. అందులకు కావలసిన సాధనము బరువైనది. కావున ఆ యంత్రము కర్మాగారములకును, ఓడలకును తగియుండెనే కాని పొలమునకు తగియుండలేదు. తరువాతివారు ఆ బరువును తొలగించిరి. 1923 లో జర్మనీలో డీజిల్ ట్రాక్టరు వెలువడెను. 1927 నుండి రాబర్ట్ బాష్ కర్మాగారము నూనె చిమ్ము పంపులను విరివిగా తయారు చేసెను.

నేటికిని పాత ట్రాక్టరు నడుమ నడుమ తడబడి పొగ చిమ్మినచో, అనుభవముగల మెకానిక్కు ముందుగా ఆ పంపును, దాని గొట్టములను పరీక్షించును. అతుకులను శుభ్రముగా తుడిచి, యంత్రమును మెల్లగా నడిపి, ఎచట తడి పుట్టునో చూచును. చేతితో మాత్రము తడవడు. అట్టముక్కను అడ్డము పెట్టును. ఏలయన, సన్నని ఆ ధార చర్మమును చీల్చుకొని లోపలికి పోగలదు. పిదప యంత్రమును ఆపి, అతుకును విప్పి, మురికిని తీసి, అరిగిన రాగి వాషరును మార్చును. పగిలిన గొట్టమును అతికింపక క్రొత్తది వేయును. కడపట చేతిపంపుతో లోపలి గాలిని వెడలించును. గాలి మిగిలినచో అదియే అణగుచుండును. నూనెకు చాలిన ఒత్తిడి చిక్కదు. ఒక్క చిన్న సందు ఎంతటి యంత్రమునైనను నిలిపివేయును. డీజిల్ ఆగ్స్‌బర్గులో నేర్చిన పాఠము ఇదియే.

యంత్రము విజయము పొందినను ఆయన జీవితము సుఖాంతము కాలేదు. కీర్తితోపాటు ధనము వచ్చెను. కాని ధన వ్యవహారములలో నష్టములు కలిగి ఆయన అప్పులపాలయ్యెను. యంత్రములోని ప్రతి సందును ఓపికతో వెదకిన ఆయన తన సంపదకు పడిన గండిని పూడ్చుకొనలేకపోయెను. 1913 సెప్టెంబరు 29 వ తేదీ రాత్రి ఆంట్వెర్ప్ నుండి ఇంగ్లండునకు పోవు ఓడలో ఆయన కనబడకుండ పోయెను. కొన్ని దినములకు సముద్రమున ఒక శవము కనబడెను. దానియందు దొరకిన వస్తువులు తన తండ్రివేయని కుమారుడు గుర్తించెను. ఆ మరణమునకు కారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు.

డీజిల్ తన యంత్రము పొలము దున్నుట చూడలేదు. అయినను సాళ్లలో ట్రాక్టరు సాగుచున్నంతకాలము ఆయన పేరు రైతుల నోట నిలిచియుండును. ఓటమి ఎదురైనపుడు యంత్రమును నిందింపక, లోపమున్న చోటును వెదకి సరిచేసిన ఆ ఓపికయే ఆయన మనకు విడిచిన ఆస్తి.