సైరస్ ఫీల్డ్: సముద్రంలో కేబుల్ తెగినా వదలని కాగితాల వ్యాపారి

అమెరికాలో ఉన్న పిల్లలతో మీరు వీడియో కాల్ మాట్లాడుతున్నప్పుడు ఆ మాటలు శాటిలైట్ మీదుగా వెళ్తున్నాయని అనుకుంటున్నారా? దాదాపు అన్నీ సముద్రం అడుగున పరిచిన కేబుళ్లలోనే వెళ్తాయి. మన దేశంలో అవి ప్రధానంగా ముంబయి, చెన్నై తీరాల్లో ఒడ్డుకు చేరతాయి. మహాసముద్రాన్ని కూడా తీగతో దాటించవచ్చని నమ్మి సొంత డబ్బు పెట్టిన సైరస్ ఫీల్డ్ ఇంజినీరూ కాదు, శాస్త్రవేత్తా కాదు. న్యూయార్క్‌లో కాగితాల వ్యాపారి.

1819లో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక చర్చి పాస్టర్ ఇంట్లో పుట్టారు. 15 ఏళ్లకే న్యూయార్క్ వచ్చి బట్టల దుకాణంలో పనికి కుదిరారు. 35 ఏళ్లు రాకముందే కాగితం వ్యాపారంలో ధనవంతుడయ్యారు. 1854లో న్యూఫౌండ్లాండ్ దీవిలో టెలిగ్రాఫ్ లైను వేయబోయి అప్పుల్లో మునిగిన ఫ్రెడరిక్ గిస్‌బోర్న్ సాయం కోసం ఆయన దగ్గరికి వచ్చారు. తీగ ఆ దీవి దాకా వెళ్లగలిగితే ఐర్లాండ్ దాకా ఎందుకు వెళ్లదన్నది ఫీల్డ్‌కు వచ్చిన సందేహం.

1856లో లండన్‌లో అట్లాంటిక్ టెలిగ్రాఫ్ కంపెనీ పెట్టారు. మూలధనం 3.5 లక్షల పౌండ్లు, ఒక్కో షేరు 1,000 పౌండ్లు. మొత్తం 350 షేర్లలో 88 ఫీల్డ్ ఒక్కరే తీసుకున్నారు. బ్రిటిష్ ప్రభుత్వం ఓడలు ఇస్తామంది, తన సందేశాలు పంపుకోవడానికి ఏటా 14,000 పౌండ్లు చెల్లిస్తామంది. అమెరికా సెనేట్‌లో ఇలాంటి బిల్లే ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. ప్రైవేటు పెట్టుబడికి సర్కారు హామీ అన్న పద్ధతి కొత్తదేమీ కాదన్నమాట.

1857లో కేబుల్ తెగింది. 1858 ఆగస్టులో కలిసింది. విక్టోరియా రాణి పంపిన 98 మాటలు అవతలికి చేరడానికి 16 గంటలు పట్టింది. అయినా న్యూయార్క్ పండగ చేసుకుంది. ఆ బాణసంచాకు సిటీ హాల్ పైకప్పు కూడా అంటుకుంది! మూడు వారాల తర్వాత కేబుల్ మూగబోయింది. సిగ్నల్ బలహీనంగా ఉందని కంపెనీ ఎలక్ట్రీషియన్ వైల్డ్‌మన్ వైట్‌హౌస్ దాదాపు 2,000 వోల్టులు ఎక్కించారు. లావు తీగ, తక్కువ కరెంటు, సున్నితమైన పరికరం కావాలని విలియం థామ్సన్ (తర్వాతి లార్డ్ కెల్విన్) చెప్పింది అప్పటిదాకా ఎవరూ పూర్తిగా చెవిన పెట్టలేదు. షేర్లు అమ్ముకోవడానికే ఇదంతా నాటకమని ఫీల్డ్‌ను అనుమానించినవాళ్లూ ఉన్నారు. 1860లో ఆయన కాగితాల సంస్థ దివాలా తీసింది.

అదే సమయంలో భారత్ కోసం ఎర్ర సముద్రంలో వేసిన కేబుల్ కూడా పాడైంది. దానికి బ్రిటిష్ ప్రభుత్వం షరతుల్లేకుండా లాభం గ్యారంటీ ఇచ్చింది. కాబట్టి పనిచేయని తీగకు ఏళ్ల తరబడి ఖజానా నుంచే కట్టాల్సి వచ్చింది.

మహాసముద్రం కుదరదనుకున్న వెస్ట్రన్ యూనియన్ కంపెనీ రెండో దారి ఎంచుకుంది. అలాస్కా మీదుగా బేరింగ్ జలసంధి దాటి, సైబీరియా గుండా యూరప్‌కు స్తంభాలు పాతడం. కాగితం మీద చూస్తే ఇదే భద్రమైన పెట్టుబడి. నేలమీద తీగ తెగితే మనిషి వెళ్లి అతికించగలడు. ఈ పథకానికి సుమారు 30 లక్షల డాలర్లు ఖర్చుపెట్టారు.

1865లో ఫీల్డ్ బృందం గ్రేట్ ఈస్టర్న్ అనే భారీ ఓడలో బయల్దేరింది. దాదాపు 1,200 మైళ్ల దగ్గర కేబుల్ మళ్లీ తెగి సముద్రంలో పడిపోయింది. మరుసటి ఏడాది కొత్త కంపెనీ, కొత్త డబ్బు. 1866 జులై 27న కేబుల్ న్యూఫౌండ్లాండ్ చేరింది. అంతటితో ఆగలేదు. 1865లో పోయిన తీగను రెండు మైళ్లకు పైగా లోతు నుంచి కొక్కేలతో పైకి లాగి, దాన్నీ పూర్తిచేశారు.

1867లో వెస్ట్రన్ యూనియన్ సైబీరియా పని ఆపేసింది. అక్కడ మిగిలిన గాజు ఇన్సులేటర్లను సిబ్బంది టీ కప్పులుగా అమ్మేసి తిరిగొచ్చారు.

మరి సామాన్యుడికి ఏం దక్కింది? వెంటనే ఏమీ లేదు. మొదట్లో 20 మాటల సందేశానికి 20 పౌండ్లు, అంటే ఇంగ్లండ్‌లో ఒక కూలీకి నెలల సంపాదన. తర్వాత రేట్లు తగ్గిస్తూ వచ్చారు. 1870లో అదే గ్రేట్ ఈస్టర్న్ ఏడెన్ నుంచి బొంబాయికి కేబుల్ వేసింది.

ఫీల్డ్ మాత్రం న్యూయార్క్ ఎలివేటెడ్ రైళ్ల షేర్లలోకి దిగారు. 1887లో జే గూల్డ్‌తో లావాదేవీల్లో సంపదలో చాలాభాగం పోయింది. 1891లో కొడుకు బ్రోకరేజీ సంస్థ కూలిపోయింది. 1892 జులై 12న చనిపోయేనాటికి ఆయన దగ్గర మిగిలింది కొద్దిగానే.