అంటోనియో డి టోరెస్ : కాగితపు గిటారు చేసిన వడ్రంగి

ఘనుల జీవితచరిత్రములన్నచో అవి రాజులవో, సేనాధిపతులవో, మహాపండితులవో యై యుండుట వాడుక. ఈ సంచికకు మేము ఒక వడ్రంగి చరిత్రమును ఎన్నుకొంటిమి. ఆయన రాజ్యములేలినవాడు కాడు. ధనము కూర్చినవాడును కాడు. అయినను నేడు ఏ దేశమందైనను పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమునకై గిటారు చేయువారు చాలవరకు ఆయన చూపిన మార్గముననే నడచుచున్నారు. ఆయన పేరు అంటోనియో డి టోరెస్.

స్పెయిను దేశపు దక్షిణతీరమున అల్మెరియా అను పట్టణము కలదు. దానికి చేరువనున్న యొక గ్రామమున 1817వ సంవత్సరము జూన్ 13వ తేదీన టోరెస్ జన్మించెను. తండ్రి పన్నులు వసూలుచేయు ఉద్యోగి. పండ్రెండేండ్ల ప్రాయముననే బాలుని వడ్రంగము నేర్చుకొనుటకు పనిలో పెట్టిరి. 1833లో ఆ దేశమున సింహాసనమునకై అంతర్యుద్ధము పుట్టగా, యువకులను బలవంతముగా సైన్యమున చేర్చుచుండిరి. కుమారుని ఆ గండమునుండి తప్పించుటకై పెద్దలు 1835లో అతనికి వివాహము చేసిరి. ముగ్గురు బిడ్డలు కలిగిరి గాని ఇద్దరు చిన్నతనముననే గతించిరి. 1845లో భార్యయు క్షయవ్యాధిచే ఇరువదిమూడేండ్ల వయస్సున మృతినొందెను. ముప్పదియేండ్లయినను నిండకమునుపే టోరెస్ ఇంత దుఃఖమును చవిచూచెను.

పిమ్మట ఆయన సెవిల్లె నగరమునకు పోయి గిటారులు చేయ నారంభించెను. అక్కడ జూలియన్ ఆర్కాస్ అను ప్రసిద్ధ వాదకుడు ఆయన పనితనమును గుర్తించి ప్రోత్సహించెను. 1856లో టోరెస్ చేసిన యొక గిటారునకు ఆడుసింహమను పేరు వచ్చెను. దాని వెనుకపలకకును ప్రక్కలకును వాడినది సముద్రములు దాటి వచ్చిన విలువగల కఱ్ఱ కాదు; స్పెయినునందు సామాన్యపు గిటారులకు వాడు సైప్రెస్ కఱ్ఱయే. 1858లో సెవిల్లె ప్రదర్శనమున ఆయనకు కంచు పతకము లభించెను.

ఆయన చేసిన మార్పులెట్టివో కొంచెము తెలుపుదుము. గిటారు తంత్రిని మీటినప్పుడు ఆ కదలిక గుఱ్ఱము ద్వారా ముందుపలకకు చేరును. పలక కదలి లోపలి గాలిని కదల్చును. ఆ గాలియే మన చెవికి నాదమై వినవచ్చును. తంత్రులు లాగు బలమునకు పలక విరుగకుండవలెనన్న దళసరిగా నుండవలెను. నాదము చక్కగా పుట్టవలెనన్న పలుచగా నుండవలెను. ఈ రెంటికిని సామరస్యము కుదుర్చుటయే కష్టము. టోరెస్ పలకను పెద్దదిగను, పలుచగను, కొంచెము ఉబ్బెత్తుగను చేసి, దాని లోపలివైపున సన్నని కఱ్ఱబద్దలను విసనకఱ్ఱ ఆకులవలె అమర్చెను. విసనకఱ్ఱ అమరిక ఆయనకు ముందును కలదు. దానిని పరిపూర్ణము చేసినవాడు మాత్రము ఆయనయే.

అయితే ముందుపలకయే ప్రధానమని ఆయన నమ్మినను, లోకము ఎట్లు నమ్మును? వెనుకపలక యెంత విలువగలదైన వాయిద్యమంత గొప్పదని జనులు తలచుచుండిరి. అందుచేత ఆయన వాదులాట మాని 1862లో ఒక గిటారు చేసెను. దాని ముందుపలకను ఎప్పటివలెనే స్ప్రూసు కఱ్ఱతో శ్రద్ధగా చేసి, వెనుకపలకను, ప్రక్కలను మాత్రము కాగితపు అట్టతో చేసెను! అది మూగపోలేదు, గిటారువలెనే పలికెను. అది ఆయన ఉత్తమ వాయిద్యములతో సమానమని మేము చెప్పము. కాని ఒక్క అంశమును మార్చి, తక్కినదానిని మార్పక, ఫలితమును చూచుట సత్యశోధనకు సరియైన మార్గము. మన విజ్ఞానశాస్త్రపు తరగతిలో బోధించు పద్ధతియు నిదియే. ఆ గిటారు బార్సెలోనా నగరపు సంగీత వస్తు ప్రదర్శనశాలలో భద్రపరుపబడియున్నది.

1869లో ఇరువదియేండ్లయినను నిండని ఫ్రాన్సిస్కో టారెగా అను యువకుడు గిటారు కొనుటకై ఆయనయొద్దకు వచ్చెను. అతని వాదనమును వినిన టోరెస్ 1864లో తాను చేసి యుంచుకొనిన మేలైన వాయిద్యమును తెచ్చి అతని కిచ్చెను. ఆ యువకుడే తరువాత గిటారు సంగీతమునకు గురుస్థానీయుడయ్యెను. ఇంత కీర్తి వచ్చినను గిటారుల పని టోరెస్ కుటుంబమును పోషింపజాలదయ్యెను. కొలదికాలములో ఆయన పనిముట్లను ప్రక్కన పెట్టి, అల్మెరియాకు మరలిపోయి, పింగాణి, గాజు సామానుల అంగడి తెరచెను. అయినను చేతి విద్య ఆయనను విడువలేదు. 1875లో మరల గిటారులు చేయ నారంభించి, వాటి చీటీలపై రెండవ కాలమని వ్రాసి వరుససంఖ్యలు వేసెను. 1883లో రెండవ భార్య మరణించిన పిమ్మట పూర్వముకంటె నెక్కువగా ఆ పనియందే మునిగియుండెను.

వృద్ధాప్యమున చేతులు వణకుచుండగా, సిర్వెంట్ అను పాదిరి ఆయనకు పనిలో సాయపడుచుండెను. ఒకనాటి విందులో అతడు, ఈ రహస్యమును మీతోనే సమాధిలోనికి కొనిపోవుదురా యని టోరెస్‌ను అడిగెనట. తన బొటనవ్రేలి కొననుండియు చూపుడువ్రేలి కొననుండియు పలక మందము బుద్ధికి తెలియుననియు, దానిని మరియొకరికి ఇయ్యజాలననియు టోరెస్ నవ్వుచు బదులు చెప్పెనట. 1892 నవంబరు 19వ తేదీన డెబ్బదియైదేండ్ల వయస్సున ఆయన అల్మెరియాలో కన్నుమూసెను.

ఆ కాగితపు గిటారు చెప్పిన పాఠము నేటికిని పాతబడలేదు. వాయిద్యములకును సామానులకును విరివిగా నఱకుటచే బ్రెజిలు దేశపు రోజువుడ్ చెట్టు అరుదై, 1992లో దాని వ్యాపారము అంతర్జాతీయ ఒడంబడికచే నిషేధింపబడెను. 2017లో ఆ జాతి చెట్లన్నిటికిని, మన అడవులలోని జిట్రేగికిని గూడ, కట్టుబాట్లు వచ్చెను. గిటారుల వెనుకపలకలకు జిట్రేగి వాడుక గలదని మన పిల్లలలో ననేకు లెరుగరు. 1995లో అమెరికాయందలి టేలర్ సంస్థవారు సరకులు మోయు పాత కఱ్ఱబల్లల ముక్కలతో నొక గిటారు చేసి చూపిరి. 2018లో ప్రకటింపబడిన లాంకాస్టరు విశ్వవిద్యాలయపు పరిశోధనయందు, వెనుకపలక, ప్రక్కల కఱ్ఱలు మాత్రమే వేరైన ఆరు గిటారులను 52 మంది వాదకులు కన్నులకు కనబడకుండ వాయించి చూచిరి. మిక్కిలి వెలగల కఱ్ఱకును చవుక కఱ్ఱకును వారు చెప్పుకోదగిన భేదమును కనుగొనలేకపోయిరి. టోరెస్ నూటయేబదియేండ్లకు పైగా ముందే అట్టతో చూపినది దీనికి దగ్గరగానే యున్నది.

విద్యార్థులారా, మంచి వస్తువు లేక పని సాగలేదని మనము తరచుగా చెప్పుకొందుము. ఇది ఎల్లప్పుడును సాకు కాదు. ముందుపలకకు మంచి కఱ్ఱ టోరెస్‌కును కావలసివచ్చెను. కాని ఎక్కడ మంచిది అవసరమో, ఎక్కడ అట్టతోనైనను సరిపెట్టుకొనవచ్చునో తెలిసికొనుటయే ఆయన వివేకము. తలిదండ్రులును ఈ మాటను గమనింపగోరెదము. బిడ్డకు కొనియిచ్చు సామగ్రికంటె, వాని వ్రేళ్లకు అలవడిన శ్రద్ధయే వానికి కడవరకు తోడుండును.