దానవీరుడు హాజీ ముహమ్మద్ మొహ్సిన్

ఉదారత అనగానే మన ఇళ్ళల్లో పెద్దలు హాతిం తాయీ పేరు చెబుతారు. బెంగాలు ముస్లింలకు హాతిం తాయీ తమ గడ్డమీదే పుట్టాడు. ఆయనే హుగ్లీ పట్టణపు హాజీ ముహమ్మద్ మొహ్సిన్. అక్కడి ప్రజలు ఆయనను దానవీరుడనే పిలుస్తారు. ఆయన చనిపోయి రెండు శతాబ్దాలు దాటింది. అయినా ఆయన ఇచ్చిన సొమ్ముతో చదువుకున్న బిడ్డల సంతతి బెంగాలు, బంగ్లాదేశ్ దేశాల్లో ఎంతమంది ఉన్నారో లెక్కకట్టడం కష్టం. ఆ మహనీయుని జీవితం తెలుసుకోవడం మనబోటి సంక్షేమ సంఘాల వారికి ఎంతైనా అవసరం. ఎందుకంటే దానం చేయడం ఎలాగో ఆయన జీవితం నేర్పితే, ఆ దానాన్ని కాపాడడం ఎలాగో ఆయన మరణానంతర చరిత్ర నేర్పుతుంది.

మొహ్సిన్ 1732లో హుగ్లీలో జన్మించారు. కలకత్తాకు ఎగువన, నది ఒడ్డున ఉన్న హుగ్లీ ఆ రోజుల్లో పెద్ద రేవు పట్టణం. ఇరాన్ నుంచి వచ్చిన వర్తక కుటుంబాలు అక్కడ స్థిరపడి ఉండేవి. తండ్రి హాజీ ఫైజుల్లా. తల్లి జైనబ్ ఖానంకు ఇది రెండవ వివాహం. మొదటి భర్త ఆగా ముతహ్హర్ గొప్ప ఆస్తిపరుడు. ఆయన తన ఆస్తినంతా ఏకైక కుమార్తె మన్నూజాన్ ఖానంకు రాసి కన్నుమూశారు. ఆ మన్నూజాన్, మొహ్సిన్ ఒకే తల్లి బిడ్డలు. తండ్రులు వేరైనా అక్కాతమ్ముళ్ళ మధ్య అరమరికలు లేవు. ఒకే ఇంట్లో పెరిగారు, ఒకే ఉస్తాదు దగ్గర అరబ్బీ, పారశీకం చదివారు. తరువాత మొహ్సిన్ పైచదువుకు ముర్షిదాబాద్ వెళ్ళారు.

మన్నూజాన్‌కు హుగ్లీలో అధికారిగా ఉన్న మీర్జా సలాహుద్దీన్‌తో నికాహ్ జరిగింది. మొహ్సిన్ మాత్రం పెళ్ళి మాట తలపెట్టలేదు. దేశాటనకు బయలుదేరారు. మక్కా, మదీనా దర్శించి హాజీ అయ్యారు. ఇరాన్, ఇరాక్, తుర్కీ దేశాలు తిరిగారు. రైలు లేదు, ఆవిరి ఓడ లేదు. ఒంటెల బిడారులతో, తెరచాప ఓడలతో సాగిన ఆ ప్రయాణం నుంచి తిరిగి వచ్చేసరికి దాదాపు ఇరవై ఏడేళ్ళు గడిచాయని చెబుతారు.

ఆ సరికి అక్కగారు భర్తను పోగొట్టుకుని ఒంటరిగా ఉన్నారు. బిడ్డలు లేరు. అంత పెద్ద జమీ ఒక్క ఆడమనిషి చూసుకోవలసి వచ్చింది. చూసుకున్నారు కూడా. 1803లో ఆమె కాలం చేసేముందు యావదాస్తినీ తమ్ముడికే రాసి ఇచ్చారు. అప్పటికి మొహ్సిన్ వయస్సు డెబ్బై దాటింది. భార్యా లేదు, పిల్లలూ లేరు. జీవితంలో ఎక్కువ భాగం ఫకీరులా తిరిగిన మనిషి ఒక్కసారిగా బెంగాలులోని సంపన్నుల్లో ఒకడయ్యాడు.

మరొకరైతే ఏం చేసేవారో గాని, ఆయన అలవాట్లేమీ మారలేదు. సాదా దుస్తులు, సాదా భోజనం. ఆయన దస్తూరి చాలా అందంగా ఉండేదట. స్వహస్తాలతో ఖురాన్ ప్రతులు రాసేవారట. రాత్రి ఇంట్లో దొంగ పడితే పట్టుకుని, వాడి పేదరికం విని, డబ్బిచ్చి పంపాడన్న కథ బెంగాలులో పిల్లలకు నేటికీ చెబుతారు. కథ నిజమో కాదో గాని, ఇలాంటి కథ అందరి మీదా పుట్టదు గదా!

మొహ్సిన్ గొప్పతనం చేతికందినంత పంచిపెట్టడంతో ఆగిపోలేదు. తాను పోయిన తరువాత ఏమవుతుందన్న ఆలోచన ఆయనను వదలలేదు. 1806లో వక్ఫ్‌నామా రాయించారు. జెస్సోర్ ప్రాంతపు సయ్యద్‌పూర్ జమీతో సహా ఆస్తిని అల్లాహ్ పేర వక్ఫ్ చేశారు. రాబడిని తొమ్మిది వాటాలు చేశారు. మూడు వాటాలు ఇమాంబాడా నిర్వహణకు, ధార్మిక కార్యాలకు. నాలుగు వాటాలు జీతాలకు, భృతులకు, దానధర్మాలకు. మిగిలిన రెండు వాటాలు ఆస్తిని చూసుకునే ఇద్దరు ముతవల్లీలకు. ఇక్కడ ఆయన ముందుచూపు గమనించాలి. సేవ చేసేవాడి కడుపు నిండితే ధర్మం సొమ్ముమీద చెయ్యి వెయ్యడని ఆయన ఉద్దేశం కాబోలు.

1812లో ఆయన పరమపదించారు. హుగ్లీలోనే ఖననం చేశారు.

ఇక అసలు పరీక్ష ఆ తరువాత మొదలైంది. కంచే చేను మేసింది. తమ వాటా తమకు ఉండగా కూడా ముతవల్లీలు వక్ఫ్ సొమ్ము దుర్వినియోగం చేశారన్న ఆరోపణలు వచ్చాయి. కొద్ది సంవత్సరాలకే కంపెనీ ప్రభుత్వం జోక్యం చేసుకుని నిర్వహణ తన చేతిలోకి తీసుకుంది. వ్యాజ్యాలు నడిచాయి. 1830ల దాకా సాగి, ఇంగ్లండులోని ప్రివీ కౌన్సిల్ వరకూ వెళ్ళాయి. ఈలోగా ఖర్చుకాని రాబడి లక్షల్లో పేరుకుపోయింది. ఆ సొమ్ముతో 1836లో ప్రభుత్వం హుగ్లీలో ఒక కాలేజి స్థాపించింది. అదే నేటి హుగ్లీ మొహ్సిన్ కాలేజి. నదీతీరాన పెద్ద ఇమాంబాడా కట్టడం 1841లో మొదలై 1861లో పూర్తయింది. దాని గడియార స్తంభం ఎంత దూరానికో కనిపిస్తుంది.

కాలేజి గొప్పదే. కులమత భేదం లేకుండా అందరికీ తలుపులు తెరిచింది. బంకించంద్ర చటర్జీ అక్కడే చదివారు. ఒక ముస్లిం దాత సొమ్ము హైందవ సోదరుల చదువుకు ఉపయోగపడడం మనకు గర్వకారణమే. కాని బాధ ఎక్కడంటే, ఆ కాలేజిలో ముస్లిం కుర్రవాళ్ళు అతి కొద్దిమందే కనిపించేవారు. ఇంగ్లీషు చదువంటే మనవాళ్ళకు జంకు ఒకటి, ఫీజు కట్టే స్తోమతు లేకపోవడం ఒకటి. మొహ్సిన్ సొమ్ము బ్యాంకులో ఉంది, మొహ్సిన్ పేరు చెప్పుకునే పేదవాడి కొడుకు మాత్రం బడి బయట ఉన్నాడు.

కలకత్తాలో నవాబ్ అబ్దుల్ లతీఫ్ వంటి పెద్దలు ఈ సంగతి పట్టుకుని ప్రభుత్వానికి విజ్ఞప్తులు చేశారు. డబ్ల్యూ. డబ్ల్యూ. హంటర్ అనే ఇంగ్లీషు అధికారి కూడా 1871లో అచ్చయిన తన పుస్తకంలో ఈ అన్యాయాన్ని ఎత్తిచూపాడు. ఎట్టకేలకు 1873లో ప్రభుత్వం దిగివచ్చింది. హుగ్లీ కాలేజి ఖర్చు ఖజానా నుంచి పెట్టుకుని, మొహ్సిన్ నిధిని ముస్లిం పిల్లల చదువుకు మళ్ళించింది. ఢాకా, చిట్టగాంగ్, రాజ్‌షాహీలలో మదర్సాలు వెలిశాయి. ప్రభుత్వ పాఠశాలల్లో, కాలేజీల్లో చదివే ముస్లిం విద్యార్థుల జీతంలో మూడింట రెండు వంతులు ఈ నిధి నుంచి కట్టే ఏర్పాటు జరిగింది. అంటే మూడు రూపాయల ఫీజులో కుర్రవాడు కట్టవలసింది ఒక్క రూపాయి. చూడడానికి చిన్న సంగతి. కాని బిడ్డను పనిలో పెడదామా, బడికి పంపుదామా అని తర్జనభర్జన పడే తండ్రికి ఆ రెండు రూపాయలే కొండంత అండ.

హుగ్లీ కాలేజిలోనే చదివిన సయ్యద్ అమీర్ అలీ కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1909లో ప్రివీ కౌన్సిల్ న్యాయసంఘంలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే. మొహ్సిన్ వక్ఫ్ వ్యాజ్యం ఏ న్యాయస్థానం దాకా వెళ్ళిందో, ఆ న్యాయస్థానంలోనే మొహ్సిన్ కాలేజి విద్యార్థి తీర్పరి అయ్యారు. అల్లాహ్ లీల కాక మరేమిటి?

ఒక బిడ్డ చదువు భారాన్ని మరొకరు మోయడమనే పద్ధతి ఈనాడు ప్రపంచమంతటా ఉంది. 1938లో చైనా యుద్ధ బాధిత పిల్లల కోసం అమెరికాలో ఒక పాదిరీ నిధి ప్రారంభించాడు. 1984లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఇస్లామిక్ రిలీఫ్ సంస్థ అనేక దేశాల్లో యతీములకు నెలనెలా పోషణ ఏర్పాటు చేసింది. ఏ మతం వారైనా కనుగొన్న సంగతి ఒక్కటే. పండుగనాడు ఇచ్చిన కొత్తబట్టలు ఆ ఏడాదికే. తల్లి దగ్గరే ఉండి బిడ్డ చదువుకునేలా, తప్పకుండా నెలనెలా అందే సాయం జీవితాంతం నిలుస్తుంది.

మనలో మొహ్సిన్ అంతటి ఆస్తిపరులు లేకపోవచ్చు. ఒక్క యతీమ్ బిడ్డ పరీక్ష ఫీజు కట్టగలవారు మాత్రం చాలామందే ఉన్నారు. జకాత్ తీసేటప్పుడు ఒక బిడ్డను మనసులో పెట్టుకుని, ఆ చదువు పూర్తయ్యేదాకా సాయం ఆపకుండా ఉంటే అదే ఒక చిన్న వక్ఫ్. ఇక సంఘం పెద్దలు గుర్తుంచుకోవలసింది మరొకటి. మొహ్సిన్ 1806లో సంతకం చేశాడు. పేద విద్యార్థికి ఫీజు సాయం అందడానికి 1873 దాకా పట్టింది. ఆ మధ్యకాలంలో బడి చూడకుండా పెరిగి పెద్దవారైపోయిన పిల్లలకు ఎవరు జవాబు చెప్పాలి? అందుకే వచ్చిన ప్రతి పైసకూ లెక్క రాయాలి. ఆ లెక్క సర్వసభ్య సమావేశంలో చదవాలి. అడిగినవారిని విసుక్కోకూడదు. సాయం పొందే బిడ్డను మాత్రం వేదిక ఎక్కించి చూపించకూడదు. లెక్క బహిరంగంగా ఉండాలి, బిడ్డ పేదరికం గుట్టుగా ఉండాలి.

అల్లాహ్ హాజీ మొహ్సిన్ సమాధిని కాంతితో నింపుగాక. ఆయన ఇచ్చినట్లు ఇచ్చే మనసునూ, ఇచ్చినదాన్ని కాపాడే నిజాయితీనీ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.