ధైర్యం చెప్పిన భయస్తుడు: విలియం కూపర్

వైవా అంటే మనలో చాలామందికి ముందు రోజు రాత్రి నిద్ర పట్టదు. 260 ఏళ్ల క్రితం ఇంగ్లండ్‌లో ఒకాయన జీవితాన్ని అలాంటి పరీక్షే తలకిందులు చేసింది. ఆయన పేరు విలియం కూపర్. స్పెల్లింగ్ చూస్తే కౌపర్ అనాలనిపిస్తుంది గానీ పలికేది మాత్రం కూపర్ అనే. ఆయన ఇంగ్లిష్ సాహిత్యంలో పేరున్న కవి. ఆయన రాసిన కీర్తనలు ఇప్పటికీ చర్చిల్లో పాడుతున్నారు. కష్టాల్లో ఉన్న ఎంతోమంది క్రైస్తవులకి ఆ పాటలు నెమ్మదినిచ్చాయి. కానీ ఆయన మాత్రం జీవితంలో ఎక్కువ భాగం భయంతోనే బ్రతికాడు.

కూపర్ 1731 నవంబర్ 26న బెర్కామ్‌స్టెడ్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి అక్కడి చర్చిలో గురువు. కూపర్‌కి ఆరేళ్లప్పుడు తల్లి చనిపోయింది. తర్వాత హాస్టల్ స్కూల్లో వేశారు. అక్కడ ఒక పెద్ద కుర్రాడు బాగా రాగింగ్ చేసేవాడు. వాడి ముఖం వైపు చూడాలంటేనే కూపర్‌కి భయం. అందుకే వాడి బూట్ల బకిల్స్ చూసి గుర్తుపట్టేవాడట. పెద్దయ్యాక లా చదివాడు గానీ అందులో మనసు పెట్టలేదు. థియోడోరా అనే బంధువుల అమ్మాయిని ప్రేమిస్తే, ఆమె తండ్రి పెళ్లికి ఒప్పుకోలేదు.

1763లో ఒక బంధువు ద్వారా మంచి ఉద్యోగం దొరికే అవకాశం వచ్చింది. హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో, అంటే అక్కడి పార్లమెంట్ ఎగువ సభలో, రికార్డులు చూసే క్లర్క్ పోస్టు. కానీ వేరే వర్గం వాళ్లు అడ్డు చెప్పడంతో, సభ ముందు నిలబడి తనకి అర్హత ఉందని నిరూపించుకోవాల్సి వచ్చింది. కొన్ని నెలలు రోజూ ఆఫీసుకి వెళ్లి పాత రికార్డులు తిరగేశాడు. కళ్లు చదువుతున్నాయి, బుర్రలోకి ఒక్క ముక్క ఎక్కట్లేదు. పరీక్ష దగ్గరపడేకొద్దీ భయం పెరిగిపోయి, చివరికి ప్రాణం తీసుకోవడానికి కూడా ప్రయత్నించాడు. అదృష్టం కొద్దీ బ్రతికాడు.

ఇంట్లోవాళ్లు ఆయన్ని సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ నథానియల్ కాటన్ నడిపే మానసిక చికిత్సాలయంలో చేర్పించారు. ఆ కాలంలో మానసిక రోగుల్ని గొలుసులతో కట్టేసేవాళ్లు కూడా ఉండేవాళ్లు. కాటన్ మాత్రం దయగా చూసుకున్నాడు. ఒకరోజు తోటలో బెంచీ మీద కూపర్‌కి బైబిల్ కనిపించింది. తీసి చూస్తే లాజరు చనిపోయినప్పుడు యేసు చూపించిన జాలి గురించిన భాగం. మనసు కొంచెం కరిగింది. తర్వాత రోమా పత్రిక మూడో అధ్యాయం చదువుతుంటే, తనలాంటి వాడికి కూడా క్షమాపణ ఉందన్న నమ్మకం కలిగింది. అలా ఏడాదిన్నర తర్వాత, 1765లో కోలుకుని బయటికొచ్చాడు.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. కూపర్ కథ ఇంకా ఉంది.

హంటింగ్‌డన్‌లో అన్విన్ అనే కుటుంబం ఆయన్ని ఇంట్లో మనిషిలా చేర్చుకుంది. 1767లో ఆ ఇంటి పెద్ద గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు. తర్వాత ఆయన భార్య మేరీ, కూపర్ అందరూ ఓల్నీ అనే చిన్న ఊరికి మారారు. అక్కడి పాస్టర్ జాన్ న్యూటన్, ఒకప్పుడు బానిసల ఓడకి కెప్టెన్, తర్వాత అమేజింగ్ గ్రేస్ రాసినాయన. ఇద్దరూ కలిసి కీర్తనలు రాయడం మొదలుపెట్టారు. 1779లో అచ్చయిన ఓల్నీ హిమ్స్‌లో 348 కీర్తనలుంటే, అరవైకి పైగా కూపర్‌వే.

అయితే పుస్తకం రాకముందే, 1773లో జబ్బు తిరగబెట్టింది. ఒక కల వచ్చి, దేవుడు తనని పూర్తిగా వదిలేశాడని కూపర్ నమ్మేశాడు. ఆ తర్వాత చర్చికి వెళ్లలేదు. దేవుడు ఉన్నాడనీ, అందర్నీ క్షమిస్తాడనీ నమ్మకం ఉంది. ఆ అందరిలో తను మాత్రం లేననుకున్నాడు. ఇంతకంటే ఒంటరితనం ఏముంటుంది?

ఈ రోజుల్లో అయితే ఎవరో ఒకరు వచ్చి, నీకు విశ్వాసం తక్కువ, ఇంకా గట్టిగా ప్రార్థన చెయ్యి అని క్లాస్ పీకేవాళ్లేమో. న్యూటన్ అలా చెయ్యలేదు. ఏడాదికి పైగా కూపర్‌ని తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. మేరీ రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉంది. పొరుగింటి పిల్లలు ఒక కుందేలు పిల్లని తెచ్చిచ్చారు. అలా మూడు కుందేళ్లు చేరాయి: పస్, టైనీ, బెస్. వాటికి గూళ్లు చేస్తూ, తోటపని చేస్తూ మెల్లగా మనుషుల్లో పడ్డాడు. ఒకసారి దిగులుగా ఉంటే, లేడీ ఆస్టిన్ అనే స్నేహితురాలు గుర్రపు స్వారీ మీద ఒక తమాషా కథ చెప్పింది. రాత్రంతా నవ్వుకుని దాన్నే జాన్ గిల్పిన్ అనే హాస్య గేయంగా రాశాడు. దేశమంతా నవ్వింది. 1785లో వచ్చిన ద టాస్క్ అనే కావ్యంతో పెద్ద కవి అయ్యాడు. బానిస వ్యాపారానికి వ్యతిరేకంగానూ కవితలు రాశాడు.

తర్వాత మేరీకి పక్షవాతం వచ్చింది. ఇన్నాళ్లు తనని చూసుకున్నామెని ఇప్పుడు ఆయన చూసుకున్నాడు. 1796లో ఆమె పోయాక మళ్లీ చీకటే. 1799లో ద కాస్ట్‌అవే రాశాడు. ఓడలోంచి సముద్రంలో పడిపోయిన నావికుడి కథ అది, ఆ నావికుడిలో తనని తానే చూసుకున్నాడు. 1800 ఏప్రిల్ 25న ఈస్ట్ డీరమ్‌లో కన్నుమూశాడు.

ఆదరణ అంటే దిగులు మొత్తం పోవడమే అనుకుంటే కూపర్ ఓడిపోయినట్టే. కానీ నాకలా అనిపించదు. దేవుడు వదిలేశాడని ఆయన నమ్మిన ఇరవై ఏడేళ్లలో ఒక్క రోజు కూడా పూర్తిగా ఒంటరిగా లేడు. ఒక డాక్టర్, ఒక పాస్టర్, మేరీ, చివర్లో దగ్గరుండి చూసుకున్న బంధువు జాన్ జాన్సన్, ఎప్పుడూ ఎవరో ఒకరు పక్కన ఉన్నారు. ఆయన తన కోసం ఆశ పెట్టుకోలేకపోయినప్పుడు, వాళ్లే ఆయన తరఫున ఆశ పెట్టుకున్నారు. క్రైస్తవులు నిరీక్షణ అనేది ఇలా కూడా ఉంటుందేమో.

మన హాస్టల్ బ్లాకుల్లో కూడా ఒక కూపర్ ఉండొచ్చు. మెస్‌కి రావడం మానేసి, ఫోన్ ఎత్తకుండా, పుస్తకం ముందు కూర్చుని ఒక్క లైనూ ఎక్కక. మనం పెద్ద పెద్ద మాటలు చెప్పక్కర్లేదు. తలుపు కొట్టి, కాసేపు పక్కన కూర్చుని, అవసరమైతే డాక్టర్ దగ్గరికి తోడు వెళ్తే చాలు.