మూడుసార్లు వచ్చిన ఫాదర్ హయ్యర్

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసివ్వమని సంఘం వారు కోరినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చినది ఫాదర్ హయ్యర్ గారు. మన రొంపిచెర్ల నుంచి గురజాల వెళ్ళడానికి ఇవాళ ఒక పూట పట్టదు. సాగర్ కాలువలు లేని, రైలు లేని 1849లో, యాభై దాటిన ఆ పరదేశి కాపురం పెట్టడానికి గురజాల వచ్చారు. శ్రీనాథుడంతటి వాడే మన జొన్నకూడు చూసి విసుక్కున్నాడు గదా! ఈయన మాత్రం విసుక్కుని వెళ్ళిపోలేదు.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గారు 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో జన్మించారు. 14 ఏళ్ళ వయసులో అమెరికాలో ఉన్న మేనమామ దగ్గరకు ఫిలడెల్ఫియా చేరి, టోపీలు, బొచ్చుతోలు దుస్తుల పని నేర్చుకున్నారు. ఆ పని వదిలి వేదాంతం చదివి లూథరన్ బోధకులయ్యారు. పాతికేళ్ళపాటు గుర్రం మీద ఊరూరా తిరిగారు. 1839లో భార్య చనిపోయారు. పిల్లలు పెద్దవారయ్యారు. ఇక స్థిమితంగా కూర్చోవలసిన వయసు. 1841లో బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1842 జూలై 31న గుంటూరులో దిగారు.

అప్పటికి డొక్కల కరువు గడిచి పదేళ్ళు కాలేదు. 1832-33లో వచ్చిన ఆ కరువులో గుంటూరు సీమ పల్లెలు ఖాళీ అయిన సంగతి మన తాతలు చెప్పగా విన్నదే. కలెక్టర్ హెన్రీ స్టోక్స్ దొర ఆదరించి, డబ్బు సాయం చేశారు. హయ్యర్ గారు బీదపిల్లలకు బడులు తెరిచారు, ఆడపిల్లలకు కూడా. తెలుగు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టేనాటికి ఆయనకు దాదాపు యాభై ఏళ్ళు. కంప్యూటర్ ముందు కూర్చోవడానికి భయపడే మనబోటి వాళ్ళు ఈ మాట కాస్త ఆలోచించాలి.

1845లో ఆరోగ్యం చెడి అమెరికా వెళ్ళారు. అక్కడ విశ్రాంతి తీసుకోలేదు. జ్వరాలతో తీసుకునే జనానికి బోధ ఒక్కటే చాలదని గ్రహించారు కాబోలు, వైద్యం చదివారు. 1848లో తిరిగి వచ్చి మరుసటి ఏడు గురజాల చేరారు. పల్నాడు అంటే ఆ రోజుల్లో చలిజ్వరాల సీమ. గుంటూరులో దొరల సాంగత్యం, సదుపాయాలు ఉండగా ఈ రాళ్ళ నేలకు రావలసిన అగత్యం ఆయనకు లేదు. మాల మాదిగ వాడల్లోకి వెళ్ళి, వారితో కూర్చుని, మందిచ్చి, వాక్యం చెప్పారు. గురజాల చుట్టుపక్కల సంఘాలు అలా మొదలయ్యాయి.

ఆయనలో లోపాలు లేవనను. పట్టుదల మనిషి. ఓడ ఎక్కడానికి ముందు, తనను పంపే డబ్బు వేరే సంఘం ద్వారా రావాలన్న ఏర్పాటు నచ్చక, ఇచ్చిన నియామకాన్నే వదులుకున్నారు. ఆ పట్టుదలే తరువాత పనికొచ్చింది.

1857లో వెళ్ళిపోయారు. వయసు 64. మన లెక్కన పెన్షన్ కాగితాలు కూడా పాతబడే వయసు. ఆయన మిన్నెసోటా అడవుల్లో వలస వచ్చిన వారికి గుడులు కట్టుకుంటూ తిరిగారు. 1860లో అక్కడ ఏర్పడిన సినడ్‌కు మొదటి అధ్యక్షులు ఆయనే.

అసలు సంగతి 1869లో జరిగింది. రాజమండ్రి మిషన్‌ను నడపలేక వేరే సంఘానికి అప్పగించబోతున్నారని ఆయనకు తెలిసింది. ఆ ఏడు రెడింగ్‌లో జరిగిన పెన్సిల్వేనియా సంఘ సభకు వచ్చి, మిషన్‌ను వదలవద్దని, తాను ముందు వెళ్ళి నిలబెడతానని, యువకులు వెనుక రావచ్చని చెప్పారు. సభలో ఎవరికీ కాదనే ధైర్యం లేకపోయింది. 76 ఏళ్ళ వయసులో మూడోసారి బయలుదేరి, డిసెంబరులో రాజమండ్రి చేరారు.

బైబిలులో యెహోషువ గ్రంథం చదువుతున్నప్పుడల్లా కాలేబు దగ్గర నేను ఆగిపోతాను. 40వ ఏట వేగు చూడ వెళ్ళిన కాలేబు, 85వ ఏట వాటా అడిగే వేళ, సాఫైన భూమి కోరలేదు. కోటలున్న కొండసీమే కావాలన్నాడు. ఆ అధ్యాయాన్ని హయ్యర్ గారు ఎన్నిసార్లు చదివారో గాని, దానికి అర్థం నాకు ఆయన ప్రయాణంలోనే తెలిసింది. కాలేబుకు ఆ నేల మీద వాగ్దానం ఉంది. హయ్యర్ గారికి ఎవరూ ఏదీ వాగ్దానం చేయలేదు.

రాజమండ్రిలో ఆయన ఉన్నది ఏడాది పైచిలుకు మాత్రమే. వెనుక వచ్చిన యువ మిషనరీ ఒకరు 1870లోనే, వచ్చిన కొద్ది వారాలకు మరణించారు. వృద్ధుడు మిగిలి, కుర్రవాడు పోయాడు. అయినా ఆ ఏడే వచ్చిన ష్మిత్ గారికి పని నేర్పి, అప్పగించి, 1871లో వెనుదిరిగారు. ష్మిత్ గారు ఆ తరువాత ముప్పై ఏళ్ళు రాజమండ్రిలో పనిచేశారు. గుంటూరు, రాజమండ్రి మిషన్ల కృషి నుంచే 1927లో ఏ.ఇ.ఎల్.సి. ఏర్పడింది.

హయ్యర్ గారు చివరి రోజుల్లో ఫిలడెల్ఫియా వేదాంత కళాశాలలో విద్యార్థుల బాగోగులు చూస్తూ ఉండి, 1873 నవంబరు 7న కన్నుమూశారు. పెన్సిల్వేనియాలోని సోమర్సెట్ ప్రాంతంలో, ముప్పై నాలుగేళ్ళ ముందే వెళ్ళిపోయిన భార్య సమాధి పక్కన ఆయనను ఉంచారు.