నవ్వించడమే ఉద్యోగంగా - చార్లీ చాప్లిన్

చార్లీ చాప్లిన్ పేరు వినని వారు మన సభ్యుల్లో ఉండరు. బిగుతు కోటు, వదులు ప్యాంటు, చేతికర్ర, ముక్కు కింద బుల్లి మీసం కనబడితే చాలు, మనకే కాదు మన మనవలకు కూడా నవ్వు ఆగదు. అయితే సినిమాల్లోకి రాకముందు ఆయన పదిహేనేళ్ళపాటు రంగస్థలం మీద ఈ విద్య ఎలా నేర్చుకున్నాడో చాలామందికి తెలియదు. అందుకని ఎక్కువగా ఆ సంగతే రాస్తున్నాను.

1889 ఏప్రిల్ 16న పుట్టిన చాప్లిన్ దక్షిణ లండన్ పేద వాడల్లో పెరిగాడు. తల్లిదండ్రులిద్దరూ మ్యూజిక్ హాళ్ళలో గాయకులు. మ్యూజిక్ హాలంటే పాట, డాన్సు, గారడీ, హాస్యం అన్నీ ఒకే టిక్కెట్టు మీద చూపించే వినోదశాల. తండ్రి తాగుడుకు బానిసై కుటుంబాన్ని వదిలేశాడు.

1894లో ఆల్డర్‌షాట్ అనే సైనికుల ఊళ్ళో తల్లి హన్నా పాడుతుండగా గొంతు పూడుకుపోయింది. జనం గోల చేశారు. హాలు మేనేజరు ఏమీ తోచక అయిదేళ్ళ చార్లీని వేదిక మీదికి తెచ్చి నిలబెట్టాడు. పిల్లవాడు పాట అందుకోగానే చిల్లర డబ్బులు వానలా పడ్డాయి. చార్లీ పాట ఆపేసి, ముందు డబ్బులు ఏరుకుని తర్వాత పాడతానన్నాడు. హాలంతా నవ్వు. మేనేజరు రుమాలుతో వచ్చి సాయంగా ఏరుతుంటే, ఆయన ఎక్కడ ఉంచేసుకుంటాడోనని వెంటపడ్డాడు. మళ్ళీ నవ్వు. చివరికి తల్లి గొంతు జీరబోవడాన్ని కూడా అనుకరించి చూపించాడు. పాపం, అది తల్లికి ఎలా తోచిందో! ఆమె పాటల జీవితం దాదాపు అక్కడితో ముగిసింది.

ఆ తర్వాత కష్టాలు చెప్పనలవి కాదు. ఏడేళ్ళ వయసులో తల్లితో, అన్న సిడ్నీతో కలిసి వర్క్‌హౌస్‌లో, అంటే దిక్కులేని వారికి ఇంత కూడు పెట్టి పని చేయించుకునే చోట, చేరవలసి వచ్చింది. 1901లో తండ్రి పోయాడు. 1903లో హన్నాకు మతి చలించింది. సిడ్నీ ఓడ ఉద్యోగంలో సముద్రం మీద ఉన్నాడు. పద్నాలుగేళ్ళ చార్లీ ఒక్కడే తల్లిని నడిపించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

అదే ఏడాది షెర్లాక్ హోమ్స్ నాటకంలో పనికుర్రాడి వేషం దొరికింది. చదవడం సరిగా రాదు. సిడ్నీ చదివి వినిపిస్తే పాఠం కంఠస్థం చేశాడు.

కొన్నేళ్ళకు ఒంటరిగా నిలబడి జోకులు చెప్పే హాస్యగాడు కావాలని బుద్ధి పుట్టింది. ఒక అమెరికన్ జోకుల పుస్తకం కొని, యూదుడి వేషం కట్టి ఫారెస్టర్స్ మ్యూజిక్ హాల్‌లో జీతం లేకుండా ప్రదర్శనకు దిగాడు. ఆ పేటలో యూదులే ఎక్కువని గాని, ఆ జోకులు వారిని కించపరిచేవని గాని అతనికి తెలియదు. చిల్లర డబ్బులతో పాటు నారింజ తొక్కలు కూడా వచ్చి పడ్డాయి. మర్నాటి నుంచి ఆ వైపు వెళ్ళలేదు. జనంతో నేరుగా మాట్లాడి నవ్వించడం తన వల్ల కాదని అతనికి తెలిసివచ్చింది. నా దృష్టిలో ఆయన జీవితంలో అసలు మలుపు ఇదే.

1908లో ఫ్రెడ్ కార్నో కంపెనీలో చేరాడు. సిడ్నీ అప్పటికే అక్కడ ఉన్నాడు. కార్నో ఆడించేవి పొట్టి హాస్య నాటికలు. వాటిలో మాటల కంటే చేతలే ఎక్కువ. ఎవరు ఎప్పుడు పడాలి, ఎప్పుడు లేవాలి అన్నది గడియారంలా సాగేది. చాప్లిన్ మొదటి రాత్రి ప్రేక్షకులకు వీపు చూపిస్తూ ప్రవేశించి, దొరబాబులా నిలబడి, చటుక్కున ఎర్రముక్కుతో ఇటు తిరిగాడు. జనం విరగబడి నవ్వారు. ఉద్యోగం ఖాయమైంది. వారానికి మూడున్నర పౌన్ల జీతం! నాటకంలోనే మరో నాటకం నడిచే ఒక ప్రదర్శనలో, పక్క బాల్కనీలో కూర్చుని కళాకారులను సతాయించే తాగుబోతు వేషం ఆయనకు పేరు తెచ్చింది. తాగుబోతు తండ్రి కొడుకుకు ఆ వేషం అంతగా కుదరడం చూస్తే మనసు అదోలా అవుతుంది.

ఆ కంపెనీతోనే 1910లోనూ, 1912లోనూ అమెరికా వెళ్ళాడు. తర్వాత లారెల్ - హార్డీ జంటలో ఒకడైన స్టాన్ లారెల్ కూడా ఆ బృందంలో సభ్యుడే. 1913లో కీస్టోన్ సినిమా కంపెనీ పిలిచి వారానికి 150 డాలర్లు ఇచ్చింది. అక్కడ రాసిపెట్టిన కథలుండేవి కావు. కెమెరా ముందు అప్పటికప్పుడు కల్పించుకోవడమే. ఆల్డర్‌షాట్ పిల్లవాడికి అదొక లెక్కా? 1914 ఫిబ్రవరిలో దేశదిమ్మరి వేషం తెరకెక్కింది. 1915లో జీతం వారానికి 1250 డాలర్లు, 1916లో 10,000 డాలర్లు. ఏడాదికొక ఇంక్రిమెంటు కోసం సర్వీసు రిజిస్టరు చూసుకున్న మనం ఈ లెక్క నమ్మడం కష్టమే!

ఇంత సంపాదించినా పనిలో చాదస్తం పోలేదు. 1931 నాటి 'సిటీ లైట్స్'లో పూలమ్మే గుడ్డి పిల్లను కలిసే సన్నివేశాన్ని కొన్ని వందలసార్లు తీశాడు. ఆ ఏడాదే లండన్‌లో గాంధీజీని కలిసి యంత్రాల విషయం చర్చించాడు. అయిదేళ్ళకు 'మోడరన్ టైమ్స్' వచ్చింది.

తల్లిని మరిచిపోలేదు. 1921లో కాలిఫోర్నియాకు రప్పించి, సముద్రం దగ్గర ఇల్లు ఇచ్చి, మనుషులను పెట్టి చూసుకున్నాడు. కొడుకు ఎంతటివాడయ్యాడో ఆమెకు పూర్తిగా తెలిసిందో లేదో గాని, 1928లో కన్నుమూసే దాకా ఏ లోటూ రానివ్వలేదు.

1952లో ఆయన ఇంగ్లండు బయలుదేరగానే, రాజకీయ అనుమానాలతో అమెరికా తిరిగి ప్రవేశించే అనుమతిని రద్దు చేసింది. స్విట్జర్లాండులో స్థిరపడ్డాడు. 1972లో అదే అమెరికా పిలిచి గౌరవ ఆస్కార్ ఇస్తే, హాలులోని వారంతా లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. 1975లో సర్ బిరుదు వచ్చింది. 1977 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, నిద్రలోనే పోయాడు. అప్పటికి ఆయన వయసు 88 ఏళ్ళు.